గజ్జెపూజ గొడవ

1962. కరీంనగర్‌లో మా సంగీత పాఠశాల ఒక కిరాయి ఇంట్లో నడిచేది. మొదలైన నాటి నుంచి అక్కడ పాట, వీణ తప్ప మరొకటి లేదు. పాటకు పంతులమ్మను నేనే. ఆ ఏడు నృత్య శాఖ తెరిచి, కూచిపూడి నేర్పడానికి కృష్ణా జిల్లా నుంచి సుభద్రగారిని తెచ్చారు. పెద్ద గది ఆమెకిచ్చి, నన్నూ నా తంబురానూ వంటింట్లోకి తోశారు. కడుపు మండదా మరి!

గది పోతే పోయింది, నర్మద కూడా పోయింది. నా దగ్గర అంత గొంతున్న పిల్ల మరొకతె లేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఇలా చెబితే అలా పట్టేసేది. అలాంటిది గోడ అవతల కర్రతో తాళం వేసే చప్పుడు వినబడితే చాలు, పాఠం మధ్యలోనే దాని కాళ్లు కదిలేవి. నెల తిరక్కుండా అటు చేరిపోయింది. సుభద్రగారు దాన్ని "బంగారు తల్లీ" అని పిలిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

కొన్ని నెలలకు ఆమె నర్మద తల్లి లచ్చవ్వకు కబురు పెట్టారు: శుక్రవారం గజ్జెపూజ, పిల్లకు గజ్జె కట్టిస్తాం, రండి అని. తొలిసారి కాలికి గజ్జెలు కట్టడం నాట్యం వాళ్లకు శుభకార్యం. మర్నాడే లచ్చవ్వ కొంగు నడుముకు చుట్టి వచ్చింది.

"గజ్జె కట్టుడేంది? మా దిక్కు గజ్జె కట్టిన్రంటే పిల్లను దేవునికి ఇడిసినట్టే! నా బిడ్డకు లగ్గం గావద్దా?"

సుభద్రగారు తెల్లబోయారు. "అయ్యో, అలాంటిదేం కాదండీ! శుభమండీ ఇది."

"మీ దిక్కు శుభమేమో, నాకద్దు." లచ్చవ్వ నావైపు తిరిగింది. "టీచరమ్మా, నీ తాన పాట నేర్సుకోనీ. గా ఆటకు మాత్రం పంప."

అడక్కుండానే వరం దొరికినట్టయింది. నవ్వు కనబడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను. కానీ తలుపు దగ్గర నర్మద వెక్కి వెక్కి ఏడుస్తోంది. "ఆట బందయితే పాట గూడ పాడ. బడికే రాను!"

అదీ సంగతి! పిల్ల మొత్తానికే చేజారేలా ఉంది. ఇక సుభద్రగారి తరఫున వకీలు పని నేనే చేయాల్సి వచ్చింది.

"లచ్చవ్వా, పరేషాన్ గాకు. ఈడ గుడి లేదు, పూజారి లేడు. ఆట అయినంక గజ్జెలు ఇప్పి బడిల్నే పెడ్తరు. అంత అనుమానముంటే నీ చేతులతోని నువ్వే కట్టు. కన్న అవ్వ కడితే దేవునికి ఇడిసినట్టెట్లయితది?"

లచ్చవ్వ నడుముకు చుట్టిన కొంగు విప్పింది. "నేనే కడ్త, నేనే ఇప్పుత. అట్లయితే సరే."

"గురువు చేత్తో కట్టాలి కదండీ," అని సుభద్రగారు నసిగారు గానీ ఒప్పుకోక తప్పలేదు. ఆమె మొహం వాడిపోతే నాకు హాయిగానే ఉంది, దాచేదేముంది!

శుక్రవారం లచ్చవ్వ గజ్జెలు కట్టింది. నేను పక్కన తంబురా మీటుతున్నాను. అందరి కళ్లూ నర్మద కాళ్ల మీదే ఉంటే నాకు మళ్లీ మంట మొదలైంది. ఇంతలో ప్రవేశ దరువు వచ్చింది. పాత్ర తానెవరో చెప్పుకుంటూ వచ్చే పాట అది. కూచిపూడిలో దాన్ని ఆడేవాళ్లే పాడే పద్ధతి ఉంది. నర్మద గొంతెత్తింది. ఆ గమకం నాది! నేను నేర్పిందే! జనం కాళ్లను మరిచిపోయి వినసాగారు.

ఆట ముగిశాక ఎవరో అడిగారు, "గొంతు గింత మంచిగున్నది, ఎవరు నేర్పిన్రు?" లచ్చవ్వ నన్ను చూపించింది. సుభద్రగారు ఆటకు వాయించిన తాళాలు ఒళ్లో పెట్టుకుని నావైపు చూశారు. ఇన్ని నెలలూ నేను ఆమెను చూసిన చూపే అది.

ఒక పిల్లకు ఇద్దరు గురువులుంటే ఇద్దరికీ కడుపుమంట తప్పదని, పిల్లకు మాత్రం రెండు విద్యలూ దక్కుతాయని అప్పుడు తెలిసింది. ఆ పూట మంట వంతు ఆమెది. నేను ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.