సరాయి కమానుకు సున్నం పెట్టిన సత్యానందం

సత్యానందం మేస్త్రిని మా మెథడిస్టు సంఘంలో ఎరుగనివారు లేరు. ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందు వచ్చి, చివరి బల్ల మీద గోడవైపు కూర్చునేవాడు. ఎంత కడిగినా ఆయన చేతుల పగుళ్లలో సున్నం పోయేది కాదు.

నిజామాబాదులో, బోధన్ నుంచి వచ్చే తోవ బజారులో కలిసేచోట బాటసారులు రాత్రికి దిగే ఒక పాత సరాయి ఉండేది. అది కూలిపోగా మిగిలినవి దాని ఎత్తైన కమాను, వెనక ఒక అర్ర. ఆ అర్రలోనే ఆయన కాపురం. పిల్లలు లేరు. భార్య యేసమ్మ పంతొమ్మిది వందల అరవై మూడులో జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో వినిపించే మాట ఆయన ప్రార్థన ఒక్కటే.

ఎదురుగా తారాబాయి అనే మరాఠీ ఆమె జొన్నరొట్టెలు అమ్మేది. పొద్దుగూకే వేళ, మిగిలినవంటూ రెండు రొట్టెలు ఆయన గడపలో పెట్టిపోయేది. మిగిలిన రొట్టెలు అంత వేడిగా ఉండవని ఆయనకు తెలుసు. ఎప్పుడూ అనలేదు.

అరవై ఏడు ఎండాకాలంలో కమాను ఎడమకాలి నుంచి పెద్ద పెచ్చు ఊడి పసుపుకొమ్ముల బండి మీద పడింది. ఎద్దులు బెదిరాయి గానీ, దేవుని దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ కాలు అప్పటికే కడుపులా ఉబ్బి ఉంది. చెరుకు లారీలకు ఇరుకవుతోందని రోడ్డు వెడల్పు చేసే మాట కూడా నడుస్తోంది. మర్నాడే రోడ్ల శాఖ మనుషులు వచ్చి కమాను మీద ఎర్రగీత గీసి, నెలలోపు కూలగొడతామని చెప్పిపోయారు.

సత్యానందం ఆ పెచ్చును తిరగేసి చూశాడు. రోహిణి ఎండలో కూడా దాని లోపలివైపు తడిగా ఉంది. పైనున్న తాపీ గీతలు తనవే.

వాళ్లది డంగుసున్నం మేస్త్రుల ఇల్లు. సున్నమూ ఇసుకా రాతి గానుగలో నూరి, బెల్లంనీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి, వారాల తరబడి నానబెట్టి పనిచేసేవారు. "వచ్చిన తడికి పోయే తోవ ఉంచాలె బిడ్డా" అనేవాడు తండ్రి. కానీ యాభై ఎనిమిదిలో కమాను మరమ్మతు చేతికొచ్చినప్పుడు, సత్యానందం నాలుగు రోజుల్లో ముగించాలన్న ఉబలాటంతో చుట్టూ సిమెంటు పూశాడు. యేసమ్మ చూసి "అద్దం లెక్కున్నది" అని మురిసింది. ఊరు మెచ్చుకుంది. నేలలోంచి ఎక్కిన తడి మాత్రం బయటికి దారిలేక, తొమ్మిదేళ్లు లోపలి ఇటుకను తింటూ వచ్చింది.

రెండు రోజులు ఆయన రొట్టె ముట్టలేదు. మూడోనాడు ప్రార్థన చేసుకొని ఆ శాఖ ఓవర్సీరు నర్సింలు దగ్గరికి వెళ్లాడు.

"సార్, కమాను ముసలిదై ఉబ్బలే. నేను ఉబ్బిచ్చిన."

నర్సింలు తలెత్తి చూశాడు. "ఏం మేస్త్రీ, సైకిల్ టైరా అది, గాలి కొట్టనీకి?"

"సిమెంటు కొట్టిన సార్. తడి లోపల్నే ఉండిపోయింది. గా సిమెంటు వలిచి, ఆరనిచ్చి, సున్నం పెడితే నిలుస్తది."

"గీ మాట రాసి సంతకం పెడ్తవా? రేపటినుంచి నీకు గోడపని చెప్పెటోడు ఉండడు."

"పెడ్త సార్."

నర్సింలు కాగితం ముందుకు లాక్కున్నాడు. "సూడు, సడక్ అయితే ఆగది. కమాను నడుమల ఉంచి రెండు దిక్కుల తోవ తియ్యొచ్చని నేను పైకి రాస్త. అందాక కూలగొట్టుడు ఆపిస్త. ఆ కాలు వానకాలం దాటాలె. గని, గట్ల తీస్తే నీ అర్ర పోతది. సమజైందా?"

యేసమ్మ మెత్తిన పొయ్యి, ఆమె అలికిన గోడ సత్యానందం కళ్లలో మెదిలాయి.

"సమజైంది సార్. రాయుండ్రి" అన్నాడు.

రుద్రూరు దిక్కు వెళ్లి నల్లబెల్లం తెచ్చుకున్నాడు. సిమెంటు ఒక్కడే వలిచాడు. చితికిన ఇటుకలు ఒక్కొక్కటే తీసి, కూలిన సరాయి గోడల ఇటుకలు పెట్టాడు. సున్నం పూసి, తడి గోనెసంచులు కప్పి, పూటపూటా నీళ్లు చల్లాడు. "పాడుచేసినోడే పూజ చేస్తుండు" అని బండివాళ్లు నవ్వేవారు. ఆయన తలెత్తేవాడు కాదు.

శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆయన కమాను కింద కూర్చొని గోడ మీద అరచెయ్యి ఆనించి ఉండేవాడు.

"అరె బాబా, అది నీ బిడ్డనా, జ్వరం సూస్తున్నవు?" అంది తారాబాయి, రొట్టెలు తడవకుండా కొంగు కప్పి తెస్తూ.

"బిడ్డయితే గింత భయం ఉండకపోయేది అక్కా. దేవునికి అప్పజెప్పెటోన్ని. ఇది నేను పాడుచేసింది."

దసరా నాటికి కాలు నిటారుగానే ఉంది. నర్సింలు రాసిన కాగితం మంజూరై వచ్చింది. అరవై ఎనిమిది మాఘంలో అర్ర కూలింది. పొయ్యి మీద గడ్డపార వేసేముందు ఒక కూలీ ఆగి "తీసుకుంటవా తాతా?" అని అడిగాడు. మట్టిపొయ్యి ఎత్తితే విరుగుతుంది. వద్దన్నట్టు తల ఊపాడు.

సంఘం వాళ్లు చర్చి ఆవరణలో గది ఇచ్చారు. గోడపని మళ్లీ ఎవరూ చెప్పలేదు. కమానుకు అటూ ఇటూ లారీలు తిరిగేవి. దాని కిందినుంచి వెళ్లవలసిన అవసరం ఇక ఎవరికీ లేకపోయింది. ఆయన ఒక్కడే రోజూ సాయంత్రం అందులోంచి నడిచేవాడు.

"గింత పెద్ద సడక్ పెట్టుకొని నడుమలకెల్లి పోవుడెందుకు బాబా?" అంది తారాబాయి ఒకనాడు.

"నా ఇంటి తోవ గిదే కదా అక్కా" అన్నాడాయన. కమాను దాటి నాలుగడుగులు వేసి, అర్ర ఉన్నచోట పరిచిన కొత్త తారురోడ్డు అంచున ఆగి, లారీ వెళ్లేదాకా నిలబడ్డాడు.