మా కిటికీ వాళ్ల ప్లాన్‌లో లేదట

సాయంత్రం ఆఫీసు నుంచి బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చేసరికి వంటింట్లో చీకటిగా ఉంది. కిటికీ తెరిచి నిర్ఘాంతపోయాను. జానెడు దూరంలో పచ్చి సిమెంటు గోడ! పక్కన కడుతున్న షాపింగ్ మాల్‌ది. పొద్దున నేను వెళ్లేటప్పుడు అది కిటికీ కిందిదాకే ఉంది.

పరుగున వెళ్లి మేస్త్రీని నిలదీశాను.

"ఏమయ్యా, మా కిటికీ నీకు కనపడలేదా?"

"కనపడిందండీ. మా ప్లాన్‌లో మాత్రం లేదండీ."

ఇంటికొచ్చి కార్పొరేషన్‌కు అర్జీ రాస్తుంటే, అమ్మ ఆ గోడకేసి చూస్తూ అడిగింది. "రేపట్నుంచి తెల్లారిందో లేదో నాకెట్టా తెలుస్తుందిరా?"

అర్జీలో ఆ మాటే రాశాను. మీ వీధిలోకీ మాల్ వచ్చిందా? మీకింకా ఎన్ని కిటికీలు మిగిలాయి?