బెల్లు పక్కన రెండు ఇంటిపేర్లు

ఇంగోల్‌స్టాట్‌లో మా ఫ్లాట్ బెల్లు పక్కన రెండు ఇంటిపేర్లు ఉండేవి. ఒకటి నాది. రెండోది మారిషస్‌లో పుట్టిన నా మనిషిది. అతని పూర్వీకులు విశాఖ తీరంలో ఓడెక్కి ఆ దీవిలో చెరకు తోటల్లో కూలికి వెళ్ళారు. ఇంటిపేరు నిలిచింది, భాష మాత్రం గుడి వరకే మిగిలింది. అతని తెలుగు బడిలో నేర్చుకున్నది. "నేను అన్నము తినెదను" అంటే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

మేమిద్దరం మగవాళ్ళం. జర్మనీలో కావాలంటే పెళ్ళి కూడా చేసుకోవచ్చు. అతని దీవిలో మాత్రం మా కాపురం జైలుకు పంపే నేరం. తెల్లదొరలు పోతూ పోతూ వదిలేసిన చట్టం అది. అందుకే వాళ్ళింట్లో నేను రూమ్మేట్‌ని. వాళ్ళమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. కరోనాకు ఆగిన విమానాలు మళ్ళీ ఎగరగానే వెళ్ళి ఆమెను చూడాలని బ్యాగు సర్దుకుని కూర్చున్నాడు.

మా ఆఫీసు మిత్రుడి భార్యది విజయనగరం. మేం వదిన అంటాం. లాక్‌డౌన్‌లో ఒకరోజు పులిహోర గిన్నె గుమ్మంలో పెట్టడానికి వచ్చి బెల్లు పక్కన అతని ఇంటిపేరు చూసింది.

"ఓలమ్మా, ఇది మా పుట్టింటోళ్ళ ఇంటిపేరు కదేటి! అయితే నువ్వు నాకు తమ్ముడివేరా బాబూ!"

ఇంటిపేరు కలిస్తే మనవాళ్ళకు ఇంకేం అక్కర్లేదు. తమ్ముడన్నాక సంబంధం చూడాలి కదా! మాతో మాటైనా అనకుండా ఫేస్‌బుక్‌లో వెతికి అతని అన్నను పట్టుకుంది. ఇంటిపేరుకు రుజువుగా మా బెల్లు ఫొటో పంపింది. రెండో పేరు ఎవరిదని ఆ అన్న అడిగితే, "ఫ్రెండుది. ఒకటే బెడ్రూమ్. మొగుడూ పెళ్ళాల్లా వండుకు తింటారు" అని ఇంగ్లీషులో చెప్పి నవ్విందట.

ఆ సాయంత్రమే అన్న ఫోన్ చేశాడు. ఆ దీవిలో మాట్లాడుకునే క్రియోల్ భాష నాకు రాదు. పోలీస్ అన్న మాట మాత్రం అర్థమైంది. ఫోన్ పెట్టేసి ఇతను నా వైపు తిరిగాడు.

"నేను విమానము దిగిన యెడల తానే పోలీసులకు అప్పగించెదనన్నాడు. అమ్మకు కూడా చెప్పినాడు. నువ్వు నవ్వవద్దు."

నేను నవ్వలేదు.

విమానాలు మొదలయ్యాయి. బ్యాగు మంచం కిందే ఉండిపోయింది. వాళ్ళమ్మ పోయింది. అంత్యక్రియలు చూపిస్తానని అక్కడ అన్న భార్య వీడియో కాల్ చేసి ఫోన్ పట్టుకుంది. పూలదండలు కనిపించాయి, చాప అంచు కనిపించింది. తల్లి ముఖం దాకా రాకముందే అన్న ఫోన్ లాక్కుని కట్ చేశాడు. ఇతను నల్లబడిన తెర ముందు చేతులు జోడించుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ అన్నను నేను ఈ జన్మలో క్షమించను.

విజయనగరం వదిన మాస్కు పెట్టుకుని పరామర్శకు వచ్చింది. "నానేటి తప్పు చేసినాను? మంచికే కదా!" అని ఏడ్చింది. ఆ పులిహోర గిన్నె ఆవిడ నెత్తినే కొట్టాలనిపించింది నాకు. అతను మాత్రం టీ పెట్టి ఇచ్చి, అక్కా అనే పిలిచాడు.

రెండేళ్ళకు ఆ దీవి సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని కొట్టేసింది. ఆ వార్త మాకు మొదట పంపింది వదినే, కింద నాలుగు పూలగుత్తులు పెట్టి. "తమ్ముడూ, ఇంక భయం లేకుండా ఇంటికెళ్ళొచ్చు."

అతను చదివి ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఎవరి ఇంటికి వెళ్ళవలెను?" అన్నాడు.