ఎమ్మెల్యేకు ఒక స్టూలు

ఈ ఉదయం బాగాయంలో మా గేటు ముందు ఆగిన ప్రచార జీపు పొగ ముక్కుకు తగలగానే, తమిళం నడిచే మా ఊరు గుడియాత్తంలో మా అవ్వకు ఒళ్ళు మండిన ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్ళు. మా ఎమ్మెల్యే ఎంపీకి నిలబడ్డాడని పెద్దవాళ్ళు అంటుంటే, ఎండలో ఎక్కువసేపు నిలబడినవాళ్ళే గెలుస్తారనుకున్నాను. జీపులో చేతులు జోడించి నిలబడ్డ ఆయన్ని చూసి జాలేసి, ఇంట్లోంచి స్టూలు మోసుకొచ్చాను.

అవ్వ దాన్ని లాక్కుంది. "వానికి స్టూలు యాలమ్మా? నాలుగేండ్లుగా కూర్చోనే ఉండాడు గదా! కొళాయి కోసరం ఎన్ని అర్జీలిచ్చినాము, ఒక్క చుక్క వచ్చెనా?"

వీధంతా నవ్వింది. ఆయనా నవ్వి, తమిళ ప్రసంగం ఆపి తెలుగులో అడిగాడు. "కోపమా అవ్వా? అన్నం తింటివా?"

అవ్వ స్టూలు ఇంట్లోకి తీసుకుపోయింది. పోలింగు రోజు ఆయనకే ఓటేసి వచ్చింది.

నాయన తల పట్టుకున్నాడు. "వానికే యాల ఏసినావమ్మా?"

"ఏం జేసేదప్పా, మన మాటలో అడిగినాడు గదా."

ఆయన గెలిచి ఢిల్లీకి వెళ్ళాడు. అవ్వ మాత్రం ఇంకా చాలా ఏళ్ళు వీధి చివరి చేతిపంపు నుంచి బిందెలు మోసింది. ఆ ఓటు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చిరాకే. కాకపోతే, అంతమందిలో ఆమెను అన్నం తిన్నావా అని అడిగిన పెద్దమనిషి అంతకు ముందు ఎవరూ లేరని ఈమధ్యే తట్టింది.