పోని పాచి

జమ్మలమడుగులో ఆ వీధివాళ్లకు అలారం అక్కరలేదు. చీకటి విడవకముందే పూజారి పద్మనాభయ్య పెరట్లో నిలబడి, రాగి నాలుకబద్దను విల్లులా వంచి, నాలుక మొదలుదాకా దించి గీకేవాడు. పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు కాండ్రించేవాడు.

"సామీ, నోరు కడుక్కుంటాండావా, బావిలో పూడిక తీస్తాండావా?" అని పక్కింటి ఆదినారాయణ గోడ మీంచి అడిగితే నవ్వేసేవాడు.

మంత్రం పలికే నాలుక మీద పాచి ఉండకూడదన్నది ఆయన నియమం. నియమం మంచిదే. అదే నోట్లో పొద్దుగూకేదాకా వక్కాకు నానడానికి మాత్రం ఏ నియమమూ అడ్డురాలేదు. ఇచ్చిన తాంబూలం వద్దనకూడదట.

అలాంటి నాలుక పక్కన తెల్లమచ్చ ఒకటి లేచింది. గీస్తే పోలేదు. మొండి పాచి అనుకుని ఇంకా గట్టిగా గీశాడు. ఉమ్మిలో నెత్తురు చూసిన భార్య అలివేలుమంగ పోరి పోరి ప్రొద్దుటూరు తీసుకుపోయింది. పళ్ల డాక్టరు స్వర్ణలత లైటు వేసి చూసింది. ఇది పాచి కాదనీ, గీస్తే పోయేది కాదనీ చెప్పింది. నాలుకను రోజూ మెల్లగా శుభ్రం చేసుకుంటే చాలు, వక్కాకు ఇవాళే మానాలి, మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి అంది.

ముక్క అనగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. అంగలోపం ఉన్నవాడు గర్భగుడిలో అడుగుపెట్టరాదని తండ్రి నేర్పిన పాఠం. బియ్యపు గింజంత పోయినా లోపం లోపమే. ఆ గుడి, ఆ మంత్రం తప్ప ఆయనకు వేరే బతుకు తెలియదు.

"తెగిన నాలుకతో స్వామి ముందర నిలబడమంటావా?" అన్నాడు బస్సులో.

"నిలబడేదానికి మనిషంటూ ఉండాల గదండీ" అంది అలివేలుమంగ.

వక్కాకు మానలేదు. గీకుడు ఎక్కువైంది. మచ్చ పుండయింది, పుండు గట్టిపడింది. నెత్తురు కారేలా నోరు శుద్ధి చేసుకునే నిష్ఠాపరుడు ఈ కాలంలో ఎక్కడ దొరుకుతాడని వీధి వీధంతా మెచ్చుకుంది. మెచ్చుకున్న వాళ్లలో ఒక్కరూ నోరు తెరిపించి చూసిన పాపాన పోలేదు. అన్నం మింగుడు పడనప్పుడు మళ్లీ ప్రొద్దుటూరు పోతే, అక్కణ్ణుంచి తిరుపతి పెద్దాసుపత్రికి పంపించారు. గింజంత ఇవ్వనన్న నాలుక సగం అక్కడ పోయింది.

ఇప్పుడు పూజ తమ్ముడి కొడుకు నాగసాయి చేస్తున్నాడు. పద్మనాభయ్య గుడి గడప బయట, చెప్పులు విడిచే చోటికి కాస్త ఇవతల కూర్చుంటాడు. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. తానే పోడు. పొద్దున్నే అలివేలుమంగ తడిపిన మెత్తని గుడ్డను వేలికి చుట్టుకుని, మిగిలిన నాలుకను తుడుస్తుంది. చంటిపిల్లవాడిలా నోరు తెరిచి కూర్చుంటాడు. పెరట్లో చప్పుడే ఉండదు.

మొన్నొక ఉదయం నాగసాయి మంత్రంలో ఒక పాదం ఎగరగొట్టి ముందుకు పోయాడు. పద్మనాభయ్య ఆపమని చెయ్యి ఎత్తాడు. నోట్లోంచి గాలి వచ్చింది, తడి వచ్చింది, మాట రాలేదు. చెయ్యి అలాగే పైన ఉండగానే హారతి పళ్లెంతో నాగసాయి బయటికొచ్చాడు. పెదనాన్న దీవిస్తున్నాడనుకుని వంగి కాళ్లకు మొక్కాడు.

పద్మనాభయ్య కాసేపు చూసి, ఆ చేతిని అతని తల మీద దించాడు.