స్కూటరు నంబరుకూ అనుమతి ఇచ్చిన వెబ్‌సైటు

నా చివరి పోస్టింగ్ రేపల్లె. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉండగా, ఒక జూన్ నెలలో అక్కడి బ్యాంకు బ్రాంచికి మేనేజరుగా వెళ్లాను. కాపురం తెనాలిలోనే. పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రం రైల్లో వచ్చేవాణ్ణి.

చేరిన మూడో నెలలో, ఒక మంగళవారం పదకొండు కావస్తుండగా కరుణమ్మ టీచరు నా గదిలోకి వచ్చారు. ఆవిడది పక్క ఊరు పెనుమూడి. పెన్షన్ లేని ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి మానేశారు. బడి వదిలినప్పుడు చేతికొచ్చినదంతా మా దగ్గరే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. దాని వడ్డీ మీదే ఆవిడ బతుకు. ఆ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసేసి ఒక పెట్టుబడి సంస్థకు ఆర్‌టీజీఎస్ చేయాలన్నారు. పెద్ద మొత్తాన్ని అప్పటికప్పుడు వేరే బ్యాంకు ఖాతాకు చేర్చే పద్ధతి అది. ఒకసారి పంపాక వెనక్కి తెచ్చుకోవడం మా చేతిలో ఉండదు.

ఈ సంస్థ సంగతి ఎవరు చెప్పారని అడిగాను. వాట్సాప్ గ్రూపులో అన్నారు. నా మొహం మారడం ఆవిడ కనిపెట్టారు.

"నేనూ గుడ్డిగా రాలేదండి. గవర్నమెంటు వాళ్ల వెబ్‌సైట్లోనే చూశాను. మీరూ చూడండి, తేడా ఉంటే చెప్పండి" అని ఫోన్ నా ముందు పెట్టారు.

షేర్ మార్కెట్లను అదుపులో పెట్టే నియంత్రణ సంస్థ వెబ్‌సైటు అది. కనీసం అలాగే ఉంది. పైన ప్రభుత్వ ముద్ర, పక్కన రిజిస్ట్రేషన్ నంబరు వెతికే గడి. టీచరు ఇచ్చిన నంబరు కొడితే సంస్థ పేరు, చిరునామా, 'చెల్లుబాటులో ఉంది' అని పచ్చ అక్షరాలు వచ్చాయి. అంతటితో ఆగక, పేజీ అడుగున ఉన్న హెల్ప్‌లైన్‌కు కూడా ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎవరో ఎత్తి, "అవునండి సార్, మన దగ్గర రిజిస్టరైన సంస్థేనండి" అన్నాడు. ఆఫీసు ఫోన్ రెండో రింగుకే ఎత్తినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను సంతోషించాను. "సరిగానే ఉంది టీచర్ గారూ" అనేశాను. ఆవిడ ఫోన్ తీసుకుని హాల్లోకి వెళ్లి కూర్చున్నారు.

ఇలాంటి లావాదేవీకి ఇద్దరు ఆఫీసర్లు కావాలి. ఒకరు వివరాలు ఎక్కిస్తారు, రెండోవారు సరిచూసి వదులుతారు. శ్రీలత అనే ఆఫీసరు ఎక్కించింది. వదలాల్సింది నేను. స్క్రీన్ మీద డబ్బు చేరే ఖాతా పేరు చూశాను. అది పెట్టుబడి సంస్థ పేరు కాదు. వేరే రాష్ట్రంలో ఎవరో ట్రేడర్స్ పేరిట ఉన్న కరెంటు ఖాతా. చెయ్యి ఆగిపోయింది.

శ్రీలతను పిలిచి చూపించాను. ఆమె ఒకటే అడిగింది. "సార్, ఆ సైటు మీరు విడిగా తెరిచారా, టీచర్ గారి ఫోన్లో ఉన్న లింకే నొక్కారా?"

టీచరు ఫోన్లో తెరిచి ఉన్న పేజీలోనే చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో డిమాండ్ డ్రాఫ్టు వస్తే, దాని మీది సంతకాన్ని బీరువాలో తాళం వేసి ఉంచిన మా సొంత సంతకాల పుస్తకంతో పోల్చేవాళ్లం. డ్రాఫ్టు తెచ్చినవాడే నమూనా సంతకం కూడా తెచ్చిస్తే నమ్ముతామా? ఆ పొద్దున నేను అచ్చంగా అదే చేశాను.

హెడ్డాఫీసు సర్క్యులర్ తీసి, అందులోని అడ్రసును ఒక్కో అక్షరం కొట్టి అసలు సైటు తెరిచాను. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అక్కడ లేనే లేదు. రెండు అడ్రసులూ పక్కపక్కన పెట్టి చూస్తే, టీచరు ఫోన్లోని దానికి మధ్యలో ఒక అడ్డగీత, ఒక అదనపు మాట ఉన్నాయి. చివర ప్రభుత్వ సైట్లకు ఉండే అక్షరాలు లేవు.

టీచరును లోపలికి పిలిచి ఆ అడ్డగీత చూపించాను. ఆవిడకు ఒళ్లు మండింది. "ఇందాక బాగుందన్నారు, ఇప్పుడు కాదంటారేంటండి? మీ బ్రాంచిలో డిపాజిట్ తగ్గిపోతుందనా?" అన్నారు. తప్పు నాదే కాబట్టి గట్టిగా మాట్లాడలేకపోయాను. ఏం చేయాలో తోచక, ఆవిడ ఫోన్లోని గడిలో నా స్కూటరు నంబరు కొట్టాను. అదే సంస్థ, అదే చిరునామా, అవే పచ్చ అక్షరాలు. ఆవిడ ఫోన్ లాక్కుని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కొట్టారు. అదీ చెల్లుబాటులో ఉంది. ఆ పైన లెక్కల టీచరుకు నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. ఆవిడ చూస్తుండగానే లావాదేవీని తిరస్కరించాను.

ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని, "మా విమల అండీ..." అన్నారు.

విమల ఆవిడ చెల్లెలు, ఉండేది బాపట్లలో. భర్త పోయాక వచ్చిన బీమా డబ్బు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. "ఇందాక హాల్లో కూర్చుని దానికి ఫోన్ చేశానండి. మేనేజరు గారే చూశారు, నువ్వూ పంపెయ్యి అన్నాను."

మూడుసార్లు చేసినా విమల ఫోన్ ఎత్తలేదు. ఆమె ఖాతా వేరే బ్యాంకులో ఉంది. తెలిసినవాళ్లను పట్టుకుని ఆ బ్రాంచి మేనేజరు నంబరు సంపాదించాను. ఆయన లైన్లోనే ఉండి చూసి, డబ్బు పావుగంట కిందటే వెళ్లిపోయిందన్నారు. అప్పటికప్పుడు టీచరు చేత సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు ఇప్పించాం. వాళ్లు ఆ ట్రేడర్స్ ఖాతాను స్తంభింపజేసేసరికి అందులో మిగిలింది కొంచెమే.

రెండు వారాల తర్వాత అక్కచెల్లెళ్లిద్దరూ వచ్చారు. విమల కేకలు వేస్తుందని సిద్ధపడ్డాను. ఆమె మెల్లగా మాట్లాడింది. "అన్నయ్యగారూ, అక్క డబ్బు నిలబెట్టారు, సంతోషమండి. నేను మాత్రం ఆ వాట్సాప్ వాళ్లని నమ్మలేదండి. అక్క పోరుతున్నా వారం రోజులు ఆగాను. మీరు చూశారంటేనే పంపాను."

ఆ తర్వాత, మోసాన్ని ఆపినందుకు రీజనల్ ఆఫీసు నుంచి నాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ఆ రోజు నేర్చుకున్నది ఇది. నియంత్రణ సంస్థ అడ్రసు మనమే కొట్టి తెరవాలి. నంబరు అక్కడే వెతకాలి. డబ్బు ఎవరి పేరిట ఖాతాకు పోతుందో చూడాలి. ఇవన్నీ అయ్యేదాకా 'సరిగానే ఉంది' అని మేనేజరు అనకూడదు. కరుణమ్మ గారి ఆర్‌టీజీఎస్‌ను నా స్క్రీన్ మీద ఆపగలిగాను. నా మాట అప్పటికే బాపట్ల చేరింది.