పులుపు లేని వంట

ఆసుపత్రిలో చేరిన రోజు ఉదయం కూడా పానకాలరావు చప్పటి పెసరకట్టు అన్నంలో కలుపుకుని, "ఇవాళ బాగా కుదిరింది ఇందూ" అన్నారు.

అశోక్‌నగర్‌లోని వాళ్ల వంటింట్లో అప్పటికి ఏడాదిగా చింతపండు లేదు. ఆయన కడుపులో మంటకు పులుపే కారణమని నమ్మి, భార్య ఇందుమతి ఆవకాయ జాడీని చెల్లెలికి ఇచ్చేసింది. ఆయన ఎదుట తానొక్కతే ఎలా తింటుంది? తానూ మానేసింది. చిక్కడపల్లిలో కళ్లజోళ్ల దుకాణం కట్టేసి వస్తూ ఆయన పానీపూరీ బండి దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. ఎవరైనా చూసి నవ్వితే, "మా ఆవిడకు చెప్పకండి, వాసనకు కూడా సుంకం వేస్తుంది" అనేవారు.

మంట తగ్గకపోవడంతో నారాయణగూడలో పరీక్షలు చేయించారు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోని రసం తీశారు. ఆ వారంలోనే క్యాన్సర్ అని తేలి, ఆసుపత్రిలో చేర్చుకున్నారు. చలికాలం రాకముందే ఆయన పోయారు. పులుపు ఇంకా ముందే మాన్పించాల్సిందని ఇందుమతి కనిపించిన వాళ్లందరితో అనేది.

మొన్న రాంనగర్ కూరగాయల బజారులో, ఆ రోజు ల్యాబులో ఆ కడుపు రసం పరీక్ష చేసిన బాలకిషన్ పలకరిస్తే అతనితోనూ అదే అంది.

"పులుపుతోని కాలేదమ్మా. సారు కడుపుల అసలు యాసిడే లేకుండె. జర చింతపండు చారు తాగినా ఏం గాదని డాక్టర్ సారు ఆ రోజే ఆయనకు చెప్పిండు."

"మరి ఆయన నాకు చెప్పలేదేం?"

"ఇంట్ల చెప్పనంటే నేను గదే అడిగిన. 'నా కోసం ఆవిడా నోరు కట్టుకుందయ్యా, అదంతా ఉత్తదేనని ఎలా చెప్పను' అన్నడు."